మిద్దె తోటలో పిందెలు రాలిపోతున్నాయా..? గోడ క్యాలెండర్‌లో ఇవి రాసి చూడండి

బీర తీగ నిండా పూలే.. కానీ పిందెలు మాత్రం పసుపెక్కి రాలిపోతున్నాయి. మిద్దె తోటలు పెంచేవాళ్లకు తరచూ ఎదురయ్యే సమస్యే ఇది. ఎరువు, నీళ్లు సరిపోతున్నా ఇలా జరుగుతుంటే పుప్పొడి అందట్లేదేమో చూడాలి. బీర, సొర, కాకరలో మగ పూలు, ఆడ పూలు వేరువేరు. పుప్పొడిని మోసుకెళ్లాల్సింది తేనెటీగలు, రెక్కల పురుగులే.

అవి రావాలంటే ఏడాది పొడవునా ఏదో ఒక పువ్వు ఉండాలి. అందుకే ఏ మొక్క ఎప్పుడు పూతకు వచ్చింది, ఎప్పుడు ఆగిందో గోడ క్యాలెండర్‌లో రాసుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో మునగ పూత జనవరి, ఫిబ్రవరిలో.. వేప పూత ఉగాదికి. బంతి, చామంతి దసరా నుంచి చలికాలం దాకా. మరి మే నెలలో? చాలా మిద్దెల మీద అక్కడే ఖాళీ తేలుతుంది. నర్సరీల్లో టేబుల్ రోజ్ అని అమ్మే గడ్డి గులాబీ ఎండకు తట్టుకుంటుంది, కొమ్మ తుంచి గుచ్చినా బతుకుతుంది. తులసి వెన్నులు అన్నీ తుంచేయకుండా కొన్ని వదిలేసినా తేనెటీగలు వాలతాయి. ముద్ద బంతి చూడ్డానికి బాగుంటుంది గానీ వాటికి రెక్క బంతే నయం, పుప్పొడి తేలిగ్గా అందుతుంది.

పూలు విచ్చుకునే టైమ్ కూడా రాయండి. గుమ్మడి, కాకర పొద్దున్నే.. బీర, సొర సాయంత్రం. అంటే వేప నూనె సాయంత్రమే కొట్టాలన్న సలహా బీర తీగకు కుదరదు. ఆకులకే, పూలకు తగలకుండా కొట్టాలి.

తేనెటీగలు వచ్చేదాకా మగ పువ్వు కోసి, కింద పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రుద్దితే సరి.