ఓట్లు మిక్కుటము, స్థానములు స్వల్పము

ప్రజాస్వామ్యమున ఓటే ప్రభువని పెద్దలు చెప్పుదురు. కాని ఆ ఓటును స్థానములుగా మార్చు పద్ధతికి గూడ కొంత ప్రభుత్వము కలదు. ఈ సత్యమును ఆంధ్ర రాష్ట్రమునకు 1955లో జరిగిన ఎన్నికలు తేటతెల్లము చేసినవి.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్ర మవతరించినది. టంగుటూరి ప్రకాశము పంతులుగారు ముఖ్యమంత్రి. మన విశాఖకు చెందిన తెన్నేటి విశ్వనాథముగారు ఆర్థికమంత్రి. పదునాలుగు మాసములైనను నిండకమునుపే, 1954 నవంబరులో, మద్యనిషేధము విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటు ఆధిక్యముతో నెగ్గి ఆ మంత్రివర్గమును కూల్చినది.

1952 ఎన్నికలలో మద్రాసు శాసనసభకు ఆంధ్ర ప్రాంతమున గల 140 స్థానములలో కమ్యూనిస్టులు 41 గెలుచుకొనిరి. నాడు కాంగ్రెసు, ప్రకాశముగారి పక్షము, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ ఎవరి దారి వారిదిగా పోటీచేయుటచే వారి ఓట్లు చీలినవి. 1955 ఫిబ్రవరి నాటికి వీరందరు ఒక్క కూటమియైరి. ఫలితముగా 196 స్థానములలో కూటమికి 146 లభించినవి. కమ్యూనిస్టులకు దక్కినవి 15 మాత్రమే.

వారిని ప్రజలు పూర్తిగా త్రోసిపుచ్చిరని తలంతుమా? ఓట్ల లెక్క అట్లు చెప్పదు. వారికి నూటికి 31 ఓట్లు వచ్చినవి. స్థానములు నూటికి ఎనిమిదైనను రాలేదు. కాంగ్రెసుకు నూటికి 39 ఓట్లే వచ్చినను, అది ఒంటిగనే 119 స్థానములు, అనగా నూటికి అరువదికి పైగా గైకొన్నది. ఓటమికి కారణము ఓట్ల లేమి కాదు, ఎదుటి పక్షముల ఐకమత్యము.

ఇట్టి వింతలు మనకే పరిమితములు కావు. అమెరికాలో 1824లో ఆండ్రూ జాక్సనుకు ఓట్లు ఎక్కువ వచ్చినను, ప్రతినిధుల సభ జాన్ క్విన్సీ ఆడమ్సును అధ్యక్షునిగా ఎన్నుకొన్నది.

విశాఖ ఓటరు మాత్రము పక్షముల లెక్కలకు సులభముగా లొంగువాడు కాడు. 1952లో స్వతంత్రుడైన లంకా సుందరముగారిని లోక్‌సభకు పంపెను. ఉక్కు ఉద్యమము చెలరేగిన మరుసటి యేడు, 1967లో, తెన్నేటివారిని స్వతంత్రునిగనే గెలిపించెను.

శాసనసభలో ఒక్క ఓటు మంత్రివర్గమును పడగొట్టినది. పల్లెలలో లక్షలాది ఓట్లు స్థానములుగా పండక రాలిపోయినవి. కావున గెలిచినవారు తమ స్థానములను మాత్రమే లెక్కించుకొనరాదు. ఓడిన ఓట్లను గూడ లెక్కింపవలెను. ఆ ఓట్లు వేసినవారును ఈ నేల బిడ్డలే గదా!