దూరమునుండి ఇంటి కంప్యూటరు

బాగేపల్లి ఇంటిలోని లినక్సు కంప్యూటరును, చింతామణిలోనో చిక్కబళ్లాపురములోనో చదువుచున్న బిడ్డ అచటినుండియే నడుపవచ్చును. ఇంటి యంత్రమున ఎక్స్‌ఆర్‌డీపీ అను ఉచిత సాధనమును స్థాపించి, యంత్రమును ఆర్పక ఉంచవలెను. ఆ సాధనము 3389వ పోర్టున వేచియుండి, తెరమీది చిత్రమును అవతలికి పంపును. అచటి మీటల నొక్కులను గ్రహించును. వచ్చునది చిత్రమే కనుక, అవతలి యంత్రమున తెలుగు ఫాంటు లేకున్నను మన అక్షరములు చక్కగా కనబడును.

అయితే ఆ పోర్టును ఇంటర్నెట్టునకు తెరచియుంచరాదు. పాస్‌వర్డులను ఊహించు దొంగప్రోగ్రాములు అట్టి ద్వారములను నిత్యము తట్టుచుండును. రూటరునందు ఎస్‌ఎస్‌హెచ్ వారి 22వ పోర్టును మాత్రమే ఇంటి యంత్రమునకు మళ్లించి, పాస్‌వర్డుకు మారుగా తాళపుచెవి ఫైలుతో ప్రవేశము కల్పింపవలెను. 3389 ఆ మార్గముగుండనే నడువవలెను. ఆ ఫైలును బిడ్డకు తప్ప అన్యులకు ఈయవలదని తల్లిదండ్రులకు విన్నవించుచున్నాము.