గ్రామఫోను ప్లేటు పునర్జన్మ

వికారాబాదు జంక్షను దాటి పడమరగా సాగు రైలు తాండూరును సమీపించుచుండగా, పట్టాల కిరుగడలను పేర్చిన నీలపు, పసుపు వన్నెల నాపరాళ్ళును, వానిని కోసి నునుపుచేయు కార్ఖానాల నుండి వెలువడిన రాతిపొడి దిబ్బలును కనులకు తగులును. 1874 లో సికిందరాబాదు నుండి వాడి వఱకు నిజాము రాజ్యపు రైలుమార్గము ఈ దారినే పడినది; మనుష్యకంఠమును పట్టియుంచు యంత్రమును ఎడిసను నిర్మించుటకు అప్పటి కింకను మూడేండ్ల వ్యవధి యున్నది. ఈ రాళ్ళకును పాటకును సంబంధ మేమని చదువరి అడుగవచ్చును. సంబంధము మిక్కిలి గట్టిది. మన తాతలు కీ ఇచ్చి త్రిప్పి విన్న గ్రామఫోను ప్లేటు బరువులో సగమునకు మించినది సున్నపురాతి పొడియో, పలకరాతి పొడియో. ఆ పొడిని ఒక్కముద్దగా బంధించినది లక్క. నలుపు నిచ్చినది మసి. తాండూరు బండ ఇండ్ల నేలలకు పరచబడినది కాని, దాని జ్ఞాతులైన రాళ్ళు లోకమంతటను పాటను మోసినవి.

లక్క చరిత్రయు మనదే. కుసుమ, మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలను అంటిపట్టుకొని రసమును పీల్చు ఒక చిన్న పురుగు తన చుట్టును స్రవించుకొను బంక యది. అస్సాము, మేఘాలయ ప్రాంతములలో కందిచెట్టు మీద సైతము దానిని పెంచు వాడుక కలదు. 1887 లో ఎమిలి బెర్లినరు గుండ్రని పళ్ళెముపై ధ్వనిని చెక్కు పద్ధతిని కనిపెట్టి, గట్టి రబ్బరుతో కొంతకాలము తంటాలుపడి, 1890 దశకపు చివరను లక్క మిశ్రమము నాశ్రయించెను. ఆనాడు లోకమునకు లక్కను అందించునది ప్రధానముగా భారతదేశమే. 1902 లో కలకత్తా యందు గ్రామఫోను కంపెనీ ఉద్యోగి ఫ్రెడ్ గైస్‌బర్గు ముద్రించిన గాయని గౌహర్ జాన్ గానము జర్మనీలోని హానోవరుకు పోయి ప్లేట్లుగా అచ్చుపడి తిరిగి వచ్చెను. మన లక్క సముద్రము దాటిపోయి మన పాటయై తిరిగి వచ్చినదన్నమాట. ఈ రాకపోకలను తగ్గించుటకై 1908 లో కలకత్తాలోనే గ్రామఫోను కంపెనీ వారు కర్మాగారమును నెలకొల్పిరి.

రాతిపొడి చవకదనమునకే కలిపినది కాదు. నాటి గ్రామఫోను శిరస్సు నూరు గ్రాములకు పైబడిన బరువుతో ఉక్కుసూదిని గాడిలో నొక్కుచుండెను. రాతిపొడి ఆకురాయివలె పనిచేసి, తొలి కొన్ని చుట్లలోనే సూదిమొనను గాడి ఆకారమునకు అరగదీయును. మెత్తని పదార్థమైనచో సూదియే గాడిని దున్నివేసెడిది. అందుచేతనే ప్రతి పాటకును క్రొత్త సూది బిగింపవలసి వచ్చెడిది. పాట వెనుక వినవచ్చు ఆ సరసర శబ్దము రాతిరేణువులదే. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ పళ్ళెముపై మూడు, నాలుగు నిమిషములకు మించి పట్టదు గనుక, మన రంగస్థల నటుని రాగాలాపన ఎంత దీర్ఘమైనదైనను, న్యూ ఆర్లియన్సు వాద్యబృందపు జాజు ఎంత విచ్చలవిడిదైనను, ఆ కొలతకు కుదించుకొనక తప్పినది కాదు.

లక్క రాజ్యమును కూల్చినది రెండవ ప్రపంచయుద్ధము. ఆసియా నుండి సరకుల రాక క్లిష్టమై, సైన్యావసరములకు లక్క కావలసివచ్చి, 1942 లో అమెరికా ప్రభుత్వము రికార్డుల తయారీకి దాని వినియోగమును కఠినముగా తగ్గించెను. అదే సంవత్సరము ఆగస్టున వాద్యకారుల సంఘము ధ్వనిముద్రణలను బహిష్కరించెను. 1943 నుండి సైనికుల కొఱకు వెలువడిన వీ-డిస్కులకు మాత్రము సంఘము అనుమతించినందున, ఫ్యాట్స్ వాలరు, లూయీ ఆర్మ్‌స్ట్రాంగు వంటి మహామహులు వానికి వాయించిరి. దూరదేశములలోని యుద్ధశిబిరములకు చేరులోపల లక్క ప్లేట్లు పగిలిపోవును గనుక, ఈ డిస్కులను వంగునే కాని విరుగని వినైలుతో చేసిరి. 1949 లో ఆ పథకము ముగియగా, సంఘముతోడి ఒప్పందము ననుసరించి మిగిలిన ప్రతులను, మూలముద్రలను చాలవఱకు నాశనము చేసిరి. వినైలుపై జాజు దుర్లభవస్తువగుట ఆ విధముగా వినైలు బాల్యముననే ఆరంభమైనది.

1948 జూనులో కొలంబియా సంస్థ లాంగ్ ప్లే రికార్డును లోకమునకు చూపెను. నిమిషమునకు 33⅓ చుట్లు. గాడి వెడల్పు వెనుకటి దానిలో మూడవవంతు మాత్రమే. ఒక్కొక్క ముఖమున ఇరువది నిమిషములకు పైగా సంగీతము. మఱుసటి యేడు ఆర్.సి.ఎ. వారి 45 చుట్ల చిన్న ప్లేటు వచ్చెను. జాజు వాద్యకారునికి పెద్ద ప్లేటు విశాలమైన మైదాన మైనది; సోల్, ఫంక్ అను నల్లజాతి అమెరికనుల సంగీతశైలుల గాయకులకు చిన్న ప్లేటు బజారు నాణెమైనది.

ఆ సన్నని గాడిలోని భౌతికశాస్త్రమును ఒకింత నిదానించి చూడవలెను. ఇరువది నిమిషముల సంగీతమునకు పళ్ళెము 667 చుట్లు తిరుగును. ఆ చుట్లను విప్పి చాచినచో గాడి నాలుగువందల మీటర్లకు పైబడిన పొడవగును. వెలుపలి అంచున ముల్లు క్రింద గాడి సెకనుకు అర్ధమీటరు చొప్పున జారుచుండగా, కేంద్రమును సమీపించునప్పటికి ఆ వేగము ఇరువది సెంటీమీటర్ల చిల్లరకు దిగజారును. కావుననే తాళముల తళుకు, కంఠములోని సకారములు చివరి పాటలో మసకబారును. ఇక మంద్రస్వరము గాడిని ప్రక్కలకు విస్తారముగా ఊపును. దానిని యథాతథముగా చెక్కినచో ఒక చుట్టు ప్రక్కచుట్టులోనికి చొచ్చుకొనిపోవును గనుక, మంద్రమును తగ్గించి తారమును పెంచి చెక్కుటయు, వినునప్పుడు ఆంప్లిఫయరు ఆ తారుమారును సరిచేయుటయు 1954 నుండి సర్వసాధారణ నియమ మైనది. ఫంక్ సంగీతమునకు ప్రాణము బేస్ గిటారు. ఒకే పాటను పన్నెండంగుళముల పళ్ళెమంతటను పఱచి, గాడికి ఊగుటకు చోటిచ్చు పద్ధతి 1970 దశకమున న్యూయార్కు నృత్యశాలల కొఱకు పుట్టినది. ఆ ప్లేట్లలో బేస్ ఛాతీకి తగులుటకు కారణ మా విశాలతయే.

ఆ కాలమున డెట్రాయిట్, షికాగో, మెంఫిసు వంటి నగరములలో చిన్న చిన్న కంపెనీలు వీధివీధిని వెలసినవి. కొన్నివందల ప్రతులు అచ్చువేయించి, స్థానిక రేడియోకు కొన్ని పంచి, కారు డిక్కీలో పెట్టుకొని అమ్ముకొనిన వారు గలరు. అమ్ముడుపోనివానిని నడుమనున్న కాగితపు చీటీని కత్తిరించివేసి, కరగించి, ఆ ముద్దతోనే క్రొత్త ప్లేట్లు చేసిరి. వినైలు చమురునుండి పుట్టునది గనుక, 1973 నాటి చమురు సంక్షోభమున ఈ ఆచారము మఱింత హెచ్చినది. చార్లెస్ టాలివరు, స్టాన్లీ కవెల్ అను ఇద్దరు జాజు వాద్యకారులు 1971 లో న్యూయార్కున స్థాపించిన స్ట్రాటా-ఈస్టు ప్రచురణలు ఆనాడు పరిమితముగా వెలువడి, నేడు సంగ్రాహకుల స్వప్నములైనవి. ఫ్రాంక్ విల్సను అను సోల్ గాయకుని 1965 నాటి పాట యొకటి విడుదలకు ముందే నిలిచిపోగా, చాలకాలము రెండు ప్రతులే బయట తెలిసియుండెను. అందొకటి 2009 లో ఇరువదియైదువేల పౌనులకు పైగా పలికెను. ఒక ప్లేటుకు అంత వెల పెట్టుట సంగీతప్రేమ కాదు, రత్నపరీక్ష వంటి మఱొక వ్యసనము. అయినను, అట్టి వ్యసనపరులు వెదకి పట్టినందుననే ఆ పాట పునర్ముద్రణము పొంది, సామాన్యుని వెలకు దొరకుచున్నది.

పునర్ముద్రణ మనగా పాతదానికి నకలు తీయుట యని తలచువారు పొరబడుచున్నారు. మొదట మూలపు టేపు దొరకవలెను. దొరికినను, 1970, 80 దశకముల టేపులలో కొన్నింటి అయస్కాంతపు పొడిని పట్టియుంచు జిగురు గాలిలోని తేమను పీల్చి జిడ్డెక్కును. అట్టిదానిని నేరుగా యంత్రమున నడిపినచో పొడి ఊడి యంత్రశిరస్సుకే అంటుకొనును, పాట శాశ్వతముగా పోవును. కాబట్టి టేపును సుమారు 50 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు కాచి తేమను వెడలగొట్టి, కొలది వారములు మాత్రమే నిలుచు ఆ ఆరోగ్యములో దానిని మఱొకచోటికి ఎక్కింతురు. టేపే లేనిచో, ఉన్నవానిలో మేలైన ప్లేటును కడిగి, దానిమీదనే ముల్లు పెట్టి, చిటపటలను ఒక్కటొక్కటిగా కంప్యూటరుపై తొలగింతురు. ఆ తొలగింపులో చేయి మించినచో డ్రమ్ము దెబ్బ పదును సైతము మాయమగును. అట్టి నిర్జీవపు ప్రతులు బజారున కొల్లలు.

తరువాత అల్యూమినియపు పళ్ళెముపై పూసిన నైట్రోసెల్యులోజు పొరమీద నీలమణి ముల్లు గాడిని చెక్కును. దానిపై వెండిని పలుచగా పట్టించి, విద్యుద్విశ్లేషణముచే నికెలును పేర్చి, ఒలిచినచో గాడి గట్టుగా నిలిచిన ముద్ర వచ్చును. దానినుండి మరల గాడిగల తల్లిముద్రను, తల్లినుండి అచ్చుముద్రలను తీయుదురు. నూఱు టన్నుల ఒత్తిడిగల ప్రెస్సులో పై ముద్రకును క్రింది ముద్రకును నడుమ వేడి వినైలు ముద్ద నుంచి నొక్కగా, అప్పడపు పిండి ఉండవలె అది అన్నివైపులకు పఱచుకొని, అర్ధనిమిషములో ప్లేటగును. ఒక అచ్చుముద్ర రమారమి వేయి ప్రతులకు అరిగిపోవును. ఇంత పెద్ద పరిశ్రమకు ఆధారమైన ఆ పూతపళ్ళెములను చేయువారు లోకమున ఇద్దరే యుండగా, 2020 ఫిబ్రవరి 6 న కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్సు కర్మాగారము అగ్నికి ఆహుతియై, జపానులోని చిన్న కర్మాగార మొక్కటే మిగిలినది. అయినను 2022 లో అమెరికాలో సీడీల కంటె వినైలు ప్లేట్లే ఎక్కువ అమ్ముడైనవి: ఇవి 4 కోట్ల 10 లక్షలు, అవి 3 కోట్ల 30 లక్షలు.

ఇక మన దేశపు ముచ్చట. చరణ్‌జీత్ సింగు అను బొంబాయి సినీవాద్యకారుడు 1982 లో రోలండు సింథసైజర్లపై పది రాగములను డిస్కో తాళమునకు వాయించి వెలువరించిన రికార్డు నాడు ఎవరికిని పట్టలేదు. 2010 లో హాలెండు నుండి అది పునర్ముద్రితమై, తరువాత షికాగోలో పుట్టిన యాసిడ్ హౌస్ నృత్యసంగీతమునకు పూర్వజన్మవలె కనబడి ఆశ్చర్యము గొలిపెను. అదే 1982 లో రూపా బిశ్వాసు పాడిన డిస్కో జాజ్ అను ప్లేటును 2019 లో షికాగోలోని న్యూమెరో గ్రూపు మరల అచ్చువేసెను. రెండును మనవే, రెండింటిని ఆదరించినది పరదేశము. అక్కడ అమ్ముడుపోనిది వెదకి పునర్ముద్రింతురు. ఇక్కడ అమ్ముడైనదే మరల అమ్ముదురు. ఘంటసాల భగవద్గీత ప్లేటు నుండి కేసెట్టునకు, కేసెట్టు నుండి సీడీకి జన్మలెత్తినది, ఎత్తవలసినదే. కాని కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు వంటి నటుల పద్యముల లక్కప్లేట్లకును, కాకినాడ చిట్టిబాబు వీణపై పాశ్చాత్య ఛాయలను పలికించిన రికార్డులకును అట్టి శ్రద్ధగల ముద్రాపకుడు కావలసియున్నాడు. ప్రచురణ జరిగిన 60 సంవత్సరములకు ధ్వనిముద్రణపై హక్కు మన చట్టము ప్రకారము ముగియును గనుక, లక్కప్లేట్లకు ఆ అడ్డంకి చాలవఱకు తొలగినది. పద్యకర్త హక్కును మాత్రము వేరుగా విచారింపవలెను. హక్కుదారు బ్రతికియుండగా చెప్పక, ప్రతిఫల మివ్వక ముద్రించుట దొంగతనమే; విదేశములలో ఆ పాపము చేసినవారును లేకపోలేదు. ఇక సాధనమన్నచో, దశాబ్దములపాటు మన దేశమున మూతపడియున్న వినైలు అచ్చు 2024 లో నవీ ముంబైలో మరల మొదలైనది.

కావున వికారాబాదు, తాండూరు పరిసరముల పాత ఇండ్ల అటుకలమీద గ్రామఫోను పెట్టె యున్నవారు దయచేసి దానిని తూకమునకు అమ్మవలదు. ప్లేట్లను ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా నిలుపుడు. లక్కప్లేటుపై లాంగ్ ప్లే ముల్లును, వినైలుపై ఉక్కుసూదిని పెట్టకుడు. చీటీ ప్రక్కన నున్నని భాగమున చెక్కిన అంకెలను ఒక పుస్తకమున వ్రాసియుంచుడు, ఆ అంకెలను బట్టియే అది ఏ ముద్రణమో గుర్తింతురు. మురికి పట్టినచో పొడిగా మెత్తని గుడ్డతో గాడి వెంట తుడువవలెను గాని, లక్కప్లేటును స్పిరిటుతో ఎన్నడును తుడువరాదు. లక్క స్పిరిటులో కరగును.