గెలిచి వచ్చిన సేనానులకు మరణశిక్ష! గ్రీకు, రోమన్ చరిత్రలో విశేషాలు

వియత్నాం యుద్ధం ఇంకా సాగుతున్న 1972లో స్టాన్స్‌ఫీల్డ్ టర్నర్ అనే అడ్మిరల్ అమెరికా నౌకాదళ యుద్ధ కళాశాలకు అధ్యక్షుడయ్యాడు. అక్కడ చదివే అధికారులకు ఆయన పాఠ్యంగా పెట్టినవాటిలో దాదాపు 2,400 ఏళ్ల నాటి పుస్తకం ఒకటుంది. ఏథెన్స్, స్పార్టాల మధ్య 27 ఏళ్లు నడిచిన యుద్ధం గురించి థ్యూసిడైడీస్ రాసిన చరిత్ర అది. సముద్రం దాటి వెళ్లి, గెలవలేని యుద్ధంలో చిక్కుకున్న ఒక ప్రజాస్వామ్యం కథ అందులో ఉంది. రాసినవాడూ సేనానే. క్రీ.పూ. 424లో ఆంఫిపోలిస్ నగరాన్ని కాపాడటానికి సమయానికి చేరుకోలేకపోయాడని ఏథెన్స్ ఆయన్ను ఇరవై ఏళ్లు బయటే ఉంచింది. ఆ ప్రవాసంలోనే రెండు పక్షాల వాళ్లనూ కలిసి, విచారించి చరిత్ర రాశాడు.

ఆ పుస్తకంలోంచీ, ప్రాచీన గ్రీకు, రోమన్ కాలపు మరికొందరి రాతల్లోంచీ ఏరిన సంగతులివి. నాయకుడి తెలివితేటల కన్నా, ఎదురు మాట అతని చెవిన పడే ఏర్పాటు ఉందా లేదా అన్నదే వీటిలో చాలాచోట్ల ఫలితాన్ని తేల్చింది.

తెడ్డు వేస్తూనే తిన్నారు

క్రీ.పూ. 428లో లెస్బోస్ ద్వీపంలోని మిటిలీనీ నగరం ఏథెన్స్ మీద తిరగబడింది. మరుసటి ఏడాది లొంగిపోయింది. కోపం మీదున్న ఏథెన్స్ పౌరసభ అక్కడి మగవాళ్లందరినీ చంపాలని, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మాలని తీర్మానించి, ఆ ఆజ్ఞతో ఒక ఓడను పంపింది.

తెల్లవారేసరికి జనానికి మనసు మారింది. ఊరు ఊరంతా చంపడమేమిటన్న మాట బయల్దేరింది. సభ మళ్లీ కూడింది. మాట మీద నిలబడాల్సిందేనని క్లియోన్ అనే నాయకుడు పట్టుబట్టాడు. డయోడోటస్ అనే ఆయన లేచి చేసిన వాదన నేటి సైనికాధికారులు కూడా చదవదగ్గది. జాలి చూపమని ఆయన అడగలేదు. లొంగినా చావే అని తెలిస్తే రేపు తిరగబడే ఏ నగరమూ లొంగదు, ఆఖరి మనిషి దాకా పోరాడుతుంది, మన ఖజానాకూ నష్టమే అన్నాడు. చేతులెత్తి లెక్కిస్తే ఆయన పక్షం కొద్ది తేడాతో గెలిచింది.

అప్పటికి మొదటి ఓడ బయల్దేరి ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. రెండో ఓడ దాన్ని అందుకోవాలి. దారి సుమారు 340 కిలోమీటర్లు. మామూలుగా ఓడను ఒడ్డుకు చేర్చి, దిగి వండుకు తిని, పడుకుని, పొద్దున్నే మళ్లీ బయల్దేరడం ఆనాటి పద్ధతి. ఈ ఓడవాళ్లు ఎక్కడా ఆగలేదు. ద్రాక్షసారా, ఆలివ్ నూనె కలిపిన బార్లీ పిండి ముద్దలు నోట్లో వేసుకుంటూనే తెడ్లు వేశారు. వంతుల వారీగా కునుకు తీశారు. మొదటి ఓడలోని వాళ్లకేమో చేయబోయే పని చేదుగా ఉండి, చేతులు చురుగ్గా ఆడలేదు. అక్కడి సేనాని పాకెస్ ఆజ్ఞ చదివి, అమలుకు సిద్ధమవుతుండగా రెండో ఓడ రేవు చేరింది. నగరం బతికింది. తిరుగుబాటు నడిపినవాళ్లను మాత్రం ఏథెన్స్ వదల్లేదు. వెయ్యి మందికి పైగా చంపించిందని థ్యూసిడైడీస్ రాశాడు.

పదకొండేళ్ల తర్వాత మీలోస్ ద్వీపం మీద ఇలాంటి తీర్మానమే చేసినప్పుడు రెండో ఓడ వెళ్లలేదు.

గెలుపు తెచ్చిన చావు

ఏథెన్స్‌లో ఏటా పదిమంది సేనానులను ఓటుతో ఎన్నుకునేవాళ్లు. పదవి దిగాక లెక్కలు అప్పజెప్పాల్సిందే. ఏర్పాటు మంచిదే. కానీ కోపంలో ఉన్న సభ చేతిలో అది ఎలా మారిందో క్రీ.పూ. 406లో తెలిసింది. ఆర్జినూసే దగ్గర ఎనిమిది మంది సేనానులు స్పార్టా నౌకాదళాన్ని ఓడించారు. మునిగిపోతున్న తమ ఓడల్లోని వాళ్లను రక్షించేలోగా తుపాను వచ్చింది. ఏథెన్స్‌కు తిరిగొచ్చిన ఆరుగురు సేనానులనూ విడివిడిగా విచారించకుండా ఒకే ఓటుతో మరణశిక్షకు గురిచేశారు. వాళ్లలో మహానాయకుడు పెరిక్లీస్ కొడుకూ ఉన్నాడు. ఇది చట్టవిరుద్ధం, ఓటుకు పెట్టడానికి నేను ఒప్పుకోనని సభను నడిపే బృందంలో ఒక్కడు మొండికేశాడు. ఆయన పేరు సోక్రటీస్.

జనం తర్వాత పశ్చాత్తాపపడ్డారు. అనుభవమున్న సేనానులు మాత్రం పోయారు. మరుసటి ఏడాదే ఏగొస్‌పొటమీ దగ్గర ఏథెన్స్ నౌకాదళం దాదాపు అంతా స్పార్టా చేతికి చిక్కింది. క్రీ.పూ. 404లో నగరం లొంగిపోయింది.

నోటిమాట వద్దు, ఉత్తరమే పంపుతాను

ఇది అదే యుద్ధంలో అంతకు ముందటి మాట. సిసిలీ ద్వీపం మీద దండయాత్రలో ఉన్న ఏథెన్స్ సేనాని నికియాస్, అక్కడి పరిస్థితి విషమిస్తోందని సొంత నగరానికి తెలియజేయాలి. మామూలుగా దూతలు వెళ్లి నోటితో చెబుతారు. ఆయన ఉత్తరం రాసి పంపాడు. సభ ముందు నిలబడ్డ దూత జనానికి నచ్చేదే చెబుతాడేమోనని ఆయన భయం. పై వాళ్లకు అసలు సంగతి చేరడం ఎంత కష్టమో తెలిసినవాళ్లెవరికైనా ఈ జాగ్రత్త అర్థమవుతుంది.

అదే నికియాస్ ఆఖర్న వెనక్కి మళ్లడానికి జంకాడు. ఇంటికెళ్లి సొంత జనం చేతిలో అన్యాయంగా చావడం కన్నా శత్రువు చేతిలో చావడం మేలన్నాడు. చివరికి ఒప్పుకున్నాక క్రీ.పూ. 413 ఆగస్టు 27న చంద్రగ్రహణం పట్టింది. ఇరవై ఏడు రోజులు కదలొద్దని జోస్యులు చెప్పారు. ఆయన ఆగాడు. ఆ ఆగడంలో సైన్యమంతా పోయింది. పట్టుబడ్డ 7,000 మందిని సిసిలీలోని సిరక్యూస్ నగరపు రాతి గనుల్లో పడేసి, మనిషికి రోజుకు పావు లీటరు పైచిలుకు నీళ్లు మాత్రమే ఇచ్చారు.

ఆ గ్రహణాన్ని తప్పుపట్టడం తేలిక. నిజం చెప్పి వెనక్కి వచ్చే సేనానికి శిక్ష తప్పదని అతన్ని నమ్మించిన ఏథెన్స్‌దే అసలు తప్పని నా అభిప్రాయం.

గుర్రం దిగిన సేనాని

క్రీ.పూ. 401లో బాబిలోన్ దగ్గర పదివేల మంది గ్రీకు కిరాయి సైనికులు చిక్కుబడిపోయారు. వాళ్లను పిలిపించిన పర్షియా రాకుమారుడు యుద్ధంలో చనిపోయాడు. మాట్లాడుకుందాం రమ్మని పర్షియన్లు పిలిచి, వీళ్ల సేనానులను పట్టేసుకున్నారు. ఆ రాత్రి సైనికులే కొత్త నాయకులను ఎన్నుకున్నారు. వాళ్లలో జెనోఫోన్ ఒకడు.

దారిలో ఒక కొండ శిఖరాన్ని శత్రువు కన్నా ముందు చేరాలి. జెనోఫోన్ గుర్రం మీద పక్కనే వస్తూ తొందరపెడుతున్నాడు. సోటెరిడాస్ అనే సైనికుడు ‘నువ్వు గుర్రం మీద, నేను డాలు మోస్తూ కాలినడకన, ఇదేం సమానం?’ అన్నాడు. జెనోఫోన్ కిందికి దూకి, అతన్ని వరుసలోంచి తోసి, ఆ డాలు తానే పట్టుకుని ఎక్కసాగాడు. ఒంటి మీద రౌతులు వేసుకునే బరువైన కవచం కూడా ఉంది. చూస్తున్న సైనికులే సోటెరిడాస్‌ను కొట్టి, తిట్టి, డాలు మళ్లీ తీసుకునేలా చేశారు. శిఖరం వాళ్లకే దక్కింది.

తర్వాత ఆర్మీనియాలో, ఒంటిని కప్పేసిన మంచే వెచ్చగా ఉందని ఎవరూ లేవకపోతే, పైబట్ట లేకుండానే లేచి కట్టెలు కొట్టడం మొదలుపెట్టింది కూడా ఈయనే.

బియాస్ ఒడ్డున మూడు రోజులు

అలెగ్జాండర్‌ను క్రీ.పూ. 326లో పంజాబ్‌లో ఆపింది అతని సొంత సైనికులే. బియాస్ నది దాటబోమని మొండికేశారు. కోయినస్ అనే పాత సేనాని అందరి తరఫున లేచి మాట్లాడాడు. అలెగ్జాండర్ మూడు రోజులు గుడారం దాటి రాలేదు. సైనికులు మెత్తబడలేదు. శకునాలు బాగాలేవని ప్రకటించి వెనక్కి తిరిగాడు. పరువు పోకుండా వెనక్కి రావడానికి దారి వెతుక్కోవడమూ నాయకుడి పనే.

కాపలావాడిని కనిపెట్టే కాపలా

రోమన్ శిబిరంలో రాత్రి కాపలా ఎలా నడిచేదో గ్రీకు చరిత్రకారుడు పొలిబియస్ వివరంగా రాశాడు. ప్రతి కాపలాదారుకూ గుర్తు వేసిన చిన్న బిళ్ల ఇచ్చేవారు. గస్తీ రౌతు తన స్నేహితులను సాక్షులుగా వెంటబెట్టుకుని తిరుగుతాడు. కాపలావాడు మెలకువగా ఉంటే బిళ్ల తీసుకుంటాడు. నిద్రపోతుంటే లేపడు. సాక్షులకు చూపించి ముందుకు వెళ్లిపోతాడు. తెల్లవారాక బిళ్లలు లెక్కపెడితే ఏది తగ్గిందో, అది ఎవరిదో తెలిసిపోతుంది. కాపలావాడి తప్పు తేలితే తోటి సైనికులే కర్రలతో, రాళ్లతో కొట్టేవారు. చాలామంది అక్కడే చనిపోయేవారు. గస్తీ రౌతు సాక్ష్యం చూపలేకపోతే తప్పు అతని మీదికే వస్తుంది. ఆ శిక్ష క్రూరమైనది. కానీ తనిఖీ చేసేవాడి మీద కూడా తనిఖీ పెట్టిన ఆలోచన ఇవాళ్టి ఏ కార్యాలయానికైనా పనికొస్తుంది.

ఓడిన సేనానికి కృతజ్ఞతలు

క్రీ.పూ. 216లో కానే దగ్గర కార్తేజ్ సేనాని హానిబాల్ తన సైన్యం కన్నా పెద్దదైన రోమన్ సైన్యాన్ని చుట్టుముట్టి ఒక్క రోజులో నాశనం చేశాడు. చనిపోయినవాళ్లు సుమారు 70,000 మంది అని పొలిబియస్, 50,000లోపు అని రోమన్ చరిత్రకారుడు లివీ. ఆ సైన్యాన్ని నడిపి, తప్పించుకుని వచ్చిన కాన్సుల్ వారోకు జనం ఎదురెళ్లి, గణతంత్రం మీద ఆశ వదులుకోనందుకు కృతజ్ఞతలు చెప్పారు. ఆర్జినూసేలో గెలిచినవాళ్లకు జరిగిందీ, కానేలో ఓడినవాడికి జరిగిందీ పక్కపక్కన పెట్టి చూడండి.

పట్టుబడ్డవాళ్లను డబ్బిచ్చి విడిపించడానికి మాత్రం సెనేట్ ససేమిరా అంది. 8,000 మంది బానిసలను, ఒక్కొక్కరి ఇష్టం అడిగి, ప్రభుత్వ డబ్బుతో కొని సైన్యంలో చేర్చుకుంది. రెండేళ్ల తర్వాత గెలిచి చూపినందుకు వాళ్లకు స్వేచ్ఛ ఇచ్చింది.

జర్మన్ సేనాధిపతి ష్లీఫెన్ కానే వ్యూహాన్ని ఆరాధించి దాని మీద గ్రంథమే రాశాడు. ఆ వ్యూహం పన్నిన హానిబాల్ యుద్ధంలో ఓడిపోయాడు.

మదనపల్లె దాకా వచ్చిన పేరు

హానిబాల్‌తో నేరుగా తలపడకుండా, వెంటాడుతూ అలసట పెట్టిన రోమన్ సేనాని ఫేబియస్. తొందరపడకుండా సమాజాన్ని మార్చాలనుకున్న లండన్ మేధావులు 1884లో తమ సంఘానికి ఆయన పేరే పెట్టుకున్నారు. మదనపల్లె కళాశాల ఎవరి పేరున ఉందో ఆ అనీ బిసెంట్ ఆ ఫేబియన్ సంఘంలో సభ్యురాలు.

శత్రువు మెచ్చుకున్న సంగతి

మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్ హానిబాల్‌తో చేయి కలిపి రోమ్‌తో పోరాడుతున్నవాడు. ఆయన లారిసా నగరానికి రాసిన ఉత్తరం రాతి మీద చెక్కి ఉండగా దొరికింది. కొత్తవాళ్లను పౌరులుగా చేర్చుకోమని అందులో ఆజ్ఞ. ఉదాహరణగా చూపింది రోమ్‌నే! వాళ్లు బానిసలకు స్వేచ్ఛ ఇచ్చి పౌరసత్వమూ పదవులూ ఇస్తారు, అందుకే దాదాపు 70 చోట్ల కొత్త ఊళ్లు కట్టగలిగారు అని రాశాడు.

స్పార్టా తీరు దీనికి పూర్తిగా వేరు. పుట్టుకతో హక్కున్నవాడే పౌరుడు. భూమి పోయి, సామూహిక భోజనాలకు తన వాటా ఇవ్వలేకపోతే ఆ హక్కూ పోతుంది. క్రీ.పూ. 480లో 8,000 మంది పౌరులున్నారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ లెక్క. క్రీ.పూ. 371లో ల్యూక్‌ట్రా యుద్ధానికి వచ్చిన పౌరులు 700 మంది. థీబ్స్ సేనాని ఎపామినోండాస్ తన ఎడమ పక్షాన్ని యాభై వరుసల లోతున పేర్చి వాళ్ల మీదికి నడిపాడు. 400 మంది చనిపోయారు. కానే లాంటి దెబ్బ తిని రోమ్ లేచింది. 400 మంది పోతే స్పార్టా మళ్లీ లేవలేదు.

ఒక కుక్కకు ఒక మనిషి

పరాయివాళ్లను కలుపుకుని ఎదిగిన రోమ్ ఆ విద్య మరిచిన రోజు కూడా ఉంది. క్రీ.శ. 376లో హూణుల ధాటికి ఊళ్లు వదిలిన గోత్‌లు డాన్యూబ్ నది దాటనివ్వమని అడిగారు. చక్రవర్తి వాలెన్స్ ఒప్పుకున్నాడు. తిండి చూడాల్సిన అధికారులు లూపిసినస్, మాక్సిమస్ ఆ ఆకలినే వ్యాపారం చేసుకున్నారు. కుక్కలను పట్టి తెచ్చి, తినడానికి ఒక కుక్కనిచ్చి ఒక మనిషిని బానిసగా తీసుకున్నారు. గోత్ పెద్దల పిల్లలు కూడా అలా పోయారని ఆనాటి సైనికుడు, చరిత్రకారుడు అమ్మియానస్ రాశాడు.

గోత్‌లు తిరగబడ్డారు. పశ్చిమ చక్రవర్తి గ్రేషియన్ సైన్యంతో వస్తున్నాననీ, తాను చేరేదాకా ఆగమనీ ఉత్తరం పంపాడు. విక్టర్ అనే సేనాని కూడా ఆగుదామన్నాడు. గెలుపు పంచుకోవాల్సి వస్తుందని వాలెన్స్ ఆగలేదు. క్రీ.శ. 378 ఆగస్టు 9న ఎండలో, తిండి లేకుండా నడిపించుకెళ్లిన సైన్యంలో మూడింట రెండు వంతులు ఏడ్రియానోపుల్ దగ్గర ఒక్క మధ్యాహ్నంలో తుడిచిపెట్టుకుపోయింది. చక్రవర్తి శవం కూడా దొరకలేదు.