కత్తులు కలెక్ట్ చేయొచ్చా? మజా ఎంత, రిస్క్ ఎంత

చాలామంది అడిగే ప్రశ్న ఇది: "అన్నా, కత్తులు కలెక్ట్ చేయడం హాబీగా పెట్టుకోవచ్చా? పోలీసులు పట్టుకుంటారా?" పెట్టుకోవచ్చండి. కానీ అది ఏ కత్తి, ఎందుకు కొన్నారు, ఎక్కడ పెట్టారు? ఈ మూడింటికీ మీ దగ్గర జవాబు ఉండాలి. మజా ఎక్కడుందో, చిక్కు ఎక్కడుందో రెండూ చూద్దాం.

అసలు మజా ఎక్కడ?

ప్రతి కత్తి ఆకారం వెనక ఒక పని ఉంటుంది. ఆ పని కనిపెట్టడమే ఈ హాబీలో కిక్కు. దీనికి వేరే దేశం పోనక్కర్లేదు, మన కోనసీమే చూడండి. బొండాలు కొట్టే కత్తికి బరువు ముందువైపు ఉంటుంది. చెయ్యి దారి చూపిస్తే చాలు, మిగతా పని ఆ బరువే చేస్తుంది. కల్లు గీసే కత్తి పల్చగా, మహా పదునుగా ఉంటుంది. ఎందుకంటే దానితో నరకరు, గెల చివర పొరలా చెక్కుతారు. వరి కోసే కొడవలికి వంపు ఎందుకు? దుబ్బుని దగ్గరికి లాక్కుని కోయాలి కాబట్టి. చేపల బజారులో కత్తిపీట చూశారా? అక్కడ కత్తి కదలదు, చేప కదులుతుంది. పులసని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని సమానంగా ముక్కలు కోయాలంటే అదే సుఖం. ఈ నాలుగూ పక్కపక్కన పెడితే అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు జనం ఏం పని చేసి బతికారో మొత్తం కనిపిస్తుంది.

మన తెలుగు నేల మీద పెద్ద కలెక్టర్ అంటే మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889-1949). ఆయన పోగుచేసిన వస్తువులతోనే 1951లో హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం తెరిచారు. అక్కడ జహంగీర్ బాకు ఉంది, నూర్జహాన్ పండ్లు కోసుకునే కత్తి కూడా ఉంది. గమనించారా? పండ్లు కోసే కత్తి! అది ఎవరిది, ఏ పనికి వాడారు అనేది తెలుసు కాబట్టే జనం దాని ముందు ఆగి చూస్తున్నారు.

మొదటి టెంప్టేషన్: డమాస్కస్

ఆన్‌లైన్‌లో అలలు అలలుగా గీతలున్న బ్లేడ్లు చూసే ఉంటారు. పేరు డమాస్కస్. దీని మూలం మన దగ్గరే ఉందండి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు కరిగించేవారు, దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. ఇంగ్లీషువాళ్ళు వూట్జ్ అన్నది ఈ రకం ఉక్కునే. అందులో గీతలు ఉక్కు లోపలి నుంచే వస్తాయి. ఇప్పుడు అమ్మేవాటిలో ఎక్కువ భాగం వేరు: రెండు రకాల స్టీలు పొరలుగా కలిపి కొట్టి, యాసిడ్‌తో గీతలు తేలుస్తారు. అదీ మంచి పనే. కానీ చవకవాటిలో గీతలు లేజర్‌తో పైపైన వేసినవి ఉంటాయి. బ్లేడు వీపు చూడండి. పొరలు కలిపి కొట్టిన కత్తి అయితే గీతలు అక్కడా కొనసాగుతాయి. పక్కల మీదే ఉండి వీపు నున్నగా ఉంటే అనుమానించండి.

రెండోది: సైజు, రీలు

ఇది జాగ్రత్తగా వినండి. 1959 ఆయుధాల చట్టం, దాని కింద 2016 రూల్స్ ఉన్నాయి. తల్వార్లు, బాకులు, బల్లేలు ఆ జాబితాలో ఉన్నాయి. కత్తి విషయంలో బ్లేడు 9 అంగుళాల కంటే పొడుగున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా అదీ అందులోకే వస్తుంది. ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు. మిగతావాటికి ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో లైసెన్స్ కావాలి. కాబట్టి పెద్దది ఏదైనా కొనేముందు స్టేషన్‌లో అడగండి. వెబ్‌సైట్‌లో అమ్ముతున్నారు కదా అంటే అది పర్మిషన్ కాదు.

ఇంకొకటి, కొబ్బరి కత్తి తోటలో ఉంటే పనిముట్టు. అదే రాత్రి 11 గంటలకి బైక్ డిక్కీలో దొరికితే ఎందుకుందో మీరే చెప్పుకోవాలి. తల్వార్‌తో బర్త్‌డే కేక్ కోసి వీడియో పెట్టినవాళ్ళ మీద కేసులైన వార్తలు చూస్తూనే ఉన్నాం. 15 సెకన్ల రీలు, తర్వాత పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌లో తలనొప్పి. అవసరమా?

మూడోది: కోడి కత్తులు

చిన్నగా, మెరుస్తూ ఉంటాయి, దాచుకోవాలనిపిస్తుంది. కానీ కోడిపందేలు 1960 జంతు హింస నిరోధక చట్టం, 1974 గేమింగ్ చట్టం కింద నేరం. సంక్రాంతి ముందు మీ ఇంట్లో గుత్తులుగా దొరికితే "కలెక్షన్ సార్" అంటే వినేవాళ్ళుండరు.

మరి ఎలా మొదలుపెట్టాలి?

ఇంట్లోంచే. అటక మీద అమ్మమ్మ కత్తిపీట ఉందేమో చూడండి. పాత కత్తులు చాలావరకు కమ్మరి లారీ కమాను పట్టీలతో కొట్టినవి. పదును బాగా నిలుస్తుంది, కానీ తుప్పు పడుతుంది. మనది తేమ గాలి, అంతర్వేది వైపైతే ఉప్పు గాలి కూడా. తుడిచి, ఆరనిచ్చి, కుట్టుమిషన్ నూనె పల్చగా రాయండి. కొబ్బరి నూనె వద్దు, కొన్నాళ్ళకి జిగురు కడుతుంది. తోలు ఒరలో నెలల తరబడి ఉంచొద్దు, అది తేమని పట్టి ఉంచుతుంది. పిల్లలున్న ఇల్లైతే తాళం వేసిన పెట్టెలోనే పెట్టండి.

నూనె రాయడం కంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఆ కత్తి ఎవరు కొట్టారు, ఎవరు వాడారు, దేనికి వాడారు? తాతయ్యని అడిగి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. కొలిమిలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. పాత కత్తులు ఇనుప సామాన్లకి కిలోల లెక్కన వెళ్ళిపోతున్నాయి. ఒకసారి తూకానికి వేశాక దాని కథ ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు. ఈ ఆదివారం ఇంట్లో ఉన్న ఒక్క పాత కత్తి గురించి పెద్దవాళ్ళని అడగండి. కలెక్షన్‌లో మొదటి పీస్ అదే.

సరేనండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.