పారిస్ పోలేదని దిగులా? వేసవి విడిదిపై అపోహలు – వాస్తవాలు

మే నెల మధ్యాహ్నం హల్దియాపదర్ బస్టాండులో పది నిమిషాలు నిలబడితే చాలు, బరంపురం ఎండ సంగతి తెలిసిపోతుంది. సెలవులొస్తే మనవాళ్ల ఇళ్లలో ఒకటే మాట: ‘డబ్బుంటే పారిస్ పోయేవాళ్లం, లేదు కాబట్టి గోపాల్‌పూర్.’

అపోహ: వేసవిలో యూరప్ అంతా చల్లగా ఉంటుంది.

వాస్తవం: 2019 జూలై 25న పారిస్‌లో 42.6 డిగ్రీల ఎండ కాసింది. అక్కడి పాత ఇళ్లలో, చిన్న హోటళ్లలో ఏసీ సంగతి అటుంచండి, నెత్తిమీద ఫ్యాను కూడా చాలాచోట్ల ఉండదు. జూన్‌లో రాత్రి పది కావస్తేగానీ పొద్దు కుంకదు. వెళ్లగలిగినవాళ్లు వెళ్లాల్సిందే, కానీ చల్లదనం కోసమైతే జూలై, ఆగస్టులు వద్దు.

అపోహ: దారింగ్‌బాడిలో మంచు కురుస్తుంది. ‘ఒడిశా కాశ్మీర్’ అని పేరు కూడా పెట్టేశారు కదా!

వాస్తవం: అది సుమారు 3,000 అడుగుల ఎత్తున్న కొండ ఊరు. చలికాలం తెల్లవారుజామున గడ్డిమీద మంచు బిందువులు గడ్డకట్టి తెల్లగా కనిపిస్తాయి. మంచు కురిసిందంటూ ఫొటోల్లో చూపించేది అదే. మేలో రాత్రులు హాయిగానే ఉంటాయి గానీ మధ్యాహ్నం ఎండ ఎండే. స్వెట్టరు మోసుకెళ్లకండి.

అపోహ: చిలికా సరస్సుకు ఎప్పుడెళ్లినా పక్షులు, డాల్ఫిన్లు.

వాస్తవం: వలస పక్షులు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. డాల్ఫిన్లకు పేరుపడ్డది పూరీ వైపున్న సాతపడా, మనకు దగ్గరైన రంభ కాదు. రంభలో తెల్లారగానే పడవెక్కి, ఎండ ముదిరేలోగా ఒడ్డుకు చేరితే అదే సుఖం.

అపోహ: గోపాల్‌పూర్ గతిలేనివాళ్ల విడిది.

వాస్తవం: నాకు నవ్వొచ్చేది ఈ మాటకే. యూరప్ నుంచి వచ్చినవాళ్లే దీన్ని విడిదిగా ఎంచుకున్నారు. 1914లో మాగ్లియోని అనే ఇటలీ దేశస్థుడు ఇక్కడ పామ్ బీచ్ హోటల్ పెట్టాడు. తర్వాత అది ఒబెరాయ్‌ల చేతికి, ఆపైన మేఫెయిర్‌కు వెళ్లింది. అంతకుముందు నుంచీ ఇది రేవు. మన తాతల కాలంలో పొట్టకూటికి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలు ఎందరో ఇక్కడే స్టీమరెక్కారు. లైట్‌హౌస్ ఇప్పటికీ ఉంది.

అపోహ: సముద్రం పక్కన ఉక్క ఉండదు.

వాస్తవం: మేలో గోపాల్‌పూర్‌లో ఎండ బరంపురం కంటే కాస్త తక్కువే గానీ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఓ పట్టాన ఆరదు. సాయంత్రం గాలి తిరిగాక చూడండి, ఇసుకలో కూర్చున్నవాళ్లను లేపడం కష్టం. బరంపురం నుంచి పదహారు కిలోమీటర్లే కదా అని పొద్దున వెళ్లి మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చేవాళ్లు అసలు ఊరిని చూడనట్టే. ఒక రాత్రి ఉండండి.

అపోహ: ఈతొస్తే చాలు, ఎక్కడైనా దిగొచ్చు.

వాస్తవం: ఇక్కడ ఒడ్డు వాలుగా ఉంటుంది, వెనక్కి వెళ్లే కెరటం కాలికింద ఇసుకను లాగేస్తుంది. మోకాలిలోతు అనుకున్నది మరుక్షణం నడుము దాటుతుంది. వలలు బాగుచేసుకుంటూ కూర్చున్న నోలియా జాలరులను అడగండి. వాళ్ల ఇంటి భాష తెలుగే కాబట్టి ఒడియా రాకపోయినా ఇబ్బంది లేదు. వాళ్లు వద్దన్నచోట మాత్రం దిగకండి.