జన్మపాపమా? ఇంటి శాపమా?



పొందూరులో నూలు వడికి జీవించే ఒక ఇంట్లో ఐదు నెలల ఆడబిడ్డ జ్వరముతో చనిపోయింది. సమాధి చేసిన మూడవ రోజు సాయంత్రం ఆదరణ కూడిక పెట్టుకున్నాము. పాట పాడి, వాక్యము చదివి, ప్రార్థన ముగించిన తరువాత వచ్చినవారందరూ టీ తాగి లేచారు. బిడ్డ నాయనమ్మ మాత్రం గడప దగ్గరే కూర్చుండిపోయింది. పక్కనే ఉన్న రాట్నం మీద మూడు రోజులుగా ఎవరి చేయీ పడలేదు. నేను చెప్పులు తొడుక్కోబోతుంటే ఆమె అడిగింది: "అయ్యగోరూ, మా గుంట ఏటి పాపం సేసిందని ఎల్లిపోనాది?"

అలాంటి ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పలేము. మళ్ళీ లోపలికి వచ్చి కూర్చున్నాను.

నెమ్మదిగా అడిగితే సంగతి తెలిసింది. ఆ వీధిలో ఉండే బంధువు ఒకామె, "మీ ఇంటి పెద్దలు ఏ తరంలోనో చేసిన పాపం పిల్ల మీద పడింది" అన్నదట. మన సంఘ పెద్ద ఒకాయన ఆదరించాలనే ఉద్దేశముతోనే, "మనమంతా పాపములో పుట్టినవారమే గదమ్మా" అన్నాడట. ఆయన మనసులో ఉన్నది వేరు. కానీ దుఃఖములో ఉన్న ఆ తల్లి చెవికి రెండు మాటలూ ఒక్కటిగానే వినబడ్డాయి.

దానికి తోడు మరొక బాధ. ఆమె పుట్టిల్లు సాలూరు వైపు, లూథరన్ కుటుంబము. అక్కడ బిడ్డ పుట్టిన కొద్ది వారాలకే గుడికి తీసుకువెళ్ళి బాప్తిస్మము ఇప్పిస్తారు. మెట్టినింటివారు బాప్టిస్టులు. ఇక్కడ పసిబిడ్డను ప్రభువుకు ప్రతిష్ఠించి ప్రార్థన చేస్తాము గాని, బాప్తిస్మము తానే విశ్వసించి ఒప్పుకున్న తరువాతనే. "నీళ్ళు పడకుండా పోనాది గదా బాబూ, ప్రభువు రానిస్తాడా?" అన్నది.

మన ప్రాంతములో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉండడానికి కారణం మనకు సువార్త వచ్చిన దారులే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుండి జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. 1870ల్లో కెనడా బాప్టిస్టులు ఉత్తర సర్కారులకు వచ్చారు. శ్రీకాకుళం, బొబ్బిలి వారి పరిచర్య కేంద్రములైనవి. 1880ల్లో జర్మనీలోని బ్రెక్లుం నుండి లూథరన్ మిషనరీలు జయపూరు, సాలూరు వైపు పని ప్రారంభించారు. బాప్తిస్మము విషయములో వారి మధ్య భేదమున్నది గాని, మనిషి పాపి అన్న సంగతిలో భేదము లేదు. పెళ్ళి సంబంధాలు కలుపుకొనేటప్పుడు మనవాళ్ళు ఇవన్నీ చూడరు. చావు వచ్చినప్పుడే ఆ భేదము గుచ్చుకుంటుంది.

ఇక ఆమె మొదటి ప్రశ్నకు వద్దాము. జన్మపాపము అనే మాటను మనము పులిపీఠము నుండి వందసార్లు అంటాము. వినేవారు దానిని ఏ సంచిలో వేసుకుంటున్నారో అడగము. మన ఊళ్ళలో ఆ మాట వినగానే రెండు పాత ఆలోచనలు ముందుకు వస్తాయి. ఒకటి పూర్వజన్మ కర్మ, రెండవది పెద్దల శాపము. బైబిలు చెప్పేది ఈ రెండింటిలో ఏదీ కాదు.

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూసి శిష్యులు సరిగ్గా మన వీధివారు అడిగినట్లే అడిగారు: తప్పు వీనిదా, కన్నవారిదా? ప్రభువు రెండింటినీ కొట్టివేశాడు. యెహెజ్కేలు 18వ అధ్యాయమైతే మొత్తము ఈ సంగతి మీదనే. తండ్రులు పుల్లని ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్ళు పులిశాయని ఇశ్రాయేలీయులు ఒక సామెత చెప్పుకొనేవారు. ఇకమీదట ఆ సామెత మీ నోట వినబడకూడదని దేవుడే ప్రవక్త ద్వారా ఆపుచేయించాడు. కుమారుడు తండ్రి దోషమును మోయడు, తండ్రి కుమారుని దోషమును మోయడు అన్నదే ఆ అధ్యాయము సారాంశము. న్యాయస్థానములో కూడా ఒకరి బదులు మరొకరికి శిక్ష వేయరాదని ద్వితీయోపదేశకాండము 24:16 ఆజ్ఞాపిస్తున్నది.

"మరి పది ఆజ్ఞలలో మూడు నాలుగు తరముల మాట ఉన్నది గదా?" అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నది. తండ్రి తాగి పొలం తాకట్టు పెడితే అప్పు కొడుకు మీద పడుతుంది, మనుమని చదువు ఆగుతుంది. ఇది మనము రోజూ చూసేదే. పాపము యొక్క ఫలితము తరములు దాటుతుంది. దోషము దాటదు. అప్పులవాడు కొడుకు ఇంటికి వస్తాడు గాని, తాగినవాడు కొడుకేనని ఎవరూ అనరు.

అయితే మనము ఆదాము నుండి ఏమి పొందాము? ఆదికాండము 3, కీర్తన 51, రోమా 5, ఎఫెసీ 2 చదివితే ఒక సంగతి తప్పించుకోలేము. పాపము అంటే మనము చేసే పనులు మాత్రమే కాదు, ఆ పనులు పుట్టే ఊట కూడా. మీ ఇంట్లోనే చూడండి. రెండేళ్ళవాడు బెల్లంముక్క వీపు వెనుక దాచి, చేతిలో ఏమీ లేదని తల ఊపుతాడు. ఎవరు నేర్పారు? అబద్ధము నేర్పే బడి ఏ ఊళ్ళోనూ లేదు. నిజము చెప్పడము నేర్పడానికే మనకు పదేళ్ళు పడుతుంది.

ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణ బిషప్పు అగస్టీను (354–430) తన ఆత్మకథలో ఇలాంటిదే వ్రాశాడు. తనతో పాటు పాలు తాగుతున్న మరో బిడ్డను చూసి అసూయతో పాలిపోయిన పసివానిని తాను చూశానని చెప్పాడు. ఆయన కాలములోనే బ్రిటను నుండి రోమాకు వచ్చిన పెలాగియస్ అనే బోధకుడు వేరే మాట చెప్పాడు. ఆదాము చెడ్డ మాదిరి మాత్రమే చూపాడు, ప్రతి బిడ్డా ఆదాము మొదట ఉన్నట్లే పుడుతుంది, మనసు పెడితే నీతిగా బ్రతకగలదు అన్నాడు. 418లో కార్తేజి సభ ఆ బోధను ఖండించింది. 1530 నాటి ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రమాణము కూడా రెండవ అంశములోనే ఖండించింది.

పెలాగియస్‌ను ఖండించినంత మాత్రాన ఆయనకు కోపము ఎందుకు వచ్చిందో మరచిపోకూడదు. రోమాలో క్రైస్తవులు అడ్డదిడ్డముగా బ్రతుకుతూ, మనిషి బలహీనుడు, ఏమి చేయగలడు అని తప్పించుకొనేవారు. వారు ఇప్పటికీ ఉన్నారు! భార్యను కొట్టి వచ్చిన ఒక సోదరుడు నాతో, "మా నాయనా అంతేనండి, మా రక్తమే అలాంటిది" అన్నాడు. నాయన గురించి నిజమే చెప్పాడు. కానీ స్వభావము వచ్చిందన్నది రోగము పేరు మాత్రమే, మందు మానేయడానికి చీటీ కాదు.

అగస్టీను స్వభావముతో ఆగలేదు. ఆదాము అపరాధము కూడా ప్రతి బిడ్డకూ సంక్రమిస్తుందన్నాడు. రోమా 5:12ను ఆయన చదివిన లాటిను తర్జుమా, అందరూ ఆదామునందే పాపము చేశారన్న భావమిచ్చింది. మన తెలుగు బైబిలు గ్రీకు మూలమును అనుసరించి, అందరూ పాపము చేసిన కారణమున మరణము అందరికీ వచ్చిందనే అర్థముతో ఉన్నది. తూర్పు దేశపు ఆర్థడాక్సు సంఘములు మనకు సంక్రమించినవి మరణము, చెడిపోయిన స్వభావమే గాని ఆదాము అపరాధము కాదని చెబుతాయి. మన ప్రొటెస్టెంటు సంఘములలోనూ ఈ విషయములో ఒకే అభిప్రాయము లేదు. నేను చదువుకున్న వేదాంత పాఠశాలలో దీని మీద రాత్రి పదకొండు వరకు వాదించుకొని, ఉదయం ఒకే బల్ల దగ్గర గంజి తాగేవాళ్ళము.

అగస్టీను ఇంకొక అడుగు వేసి, బాప్తిస్మము లేక చనిపోయిన పసివారు శిక్షలోనికే పోతారని, అయితే అది అన్నిటికంటె తేలికైన శిక్ష అని అన్నాడు. గొప్ప దైవజనుడు, ఆయనకు ఎంతో ఋణపడి ఉన్నాము. అయినా ఈ ఒక్క మాట దగ్గర నేను ఆయన వెంట వెళ్ళలేను. రోమన్ కథోలిక బోధకులు శతాబ్దాలపాటు అలాంటి బిడ్డలకు లింబో అనే వేరే స్థలమున్నదని చెప్పారు. వారి అంతర్జాతీయ వేదాంత కమిషన్ కూడా 2007లో, ఆ బిడ్డల రక్షణ కొరకు నిరీక్షించడానికి బలమైన కారణములున్నాయని ప్రకటించింది.

ఆ రాత్రి ఆ తల్లికి వీరి పేర్లేవీ చెప్పలేదు. ఆమె ముందున్న పత్తి బుట్టనే చూపించాను. మన కొండపత్తి సంగతి ఆమెకు నా కన్న బాగా తెలుసు. వాలుగ చేప దవడతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చేస్తేనే గాని దారము రాదు. "అమ్మా, గింజ లేని కాయ ఎప్పుడైనా చూశావా?" అన్నాను. "ఎక్కడుంతాది బాబూ" అన్నది. "గింజ ఉన్నదని పత్తిని తిడతావా?" ఆమె మాట్లాడలేదు. "నీ కాయలో గింజ ఉన్నదని పక్కింటావిడ వేలు చూపితే, ఆమె బుట్టలో కాయల సంగతి ఏమిటి?" అన్నాను. (ఉపమానము ఇంతవరకే పనికివస్తుంది. పత్తి దేవుని మీద తిరుగుబాటు చేయదు, మనము చేస్తాము.)

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆదాము నుండి వచ్చిన స్వభావము అందరిలోనూ ఉన్నది. పాస్టరులో ఉన్నది, బుగతలో ఉన్నది, బిడ్డను పోగొట్టుకున్న ఇంటిలోనూ ఉన్నది, వేలు చూపిన ఇంటిలోనూ ఉన్నది. ఒక ఇంటికి ఎక్కువ, ఒక కులానికి తక్కువ అని లేదు. అందరికీ సమానమైనదానిని కొందరి నెత్తిన మాత్రమే పెట్టిన క్షణములో అది బైబిలు బోధ కాకుండా పోతుంది, నేరారోపణ అవుతుంది.

అలా పెట్టిన చరిత్ర మన తెలుగునేల మీదనే ఉన్నది. ఆంగ్లేయ ప్రభుత్వము 1871లో నేరస్థ జాతుల చట్టము చేసింది. 1911లో చేసిన కొత్త చట్టముతో అది మద్రాసు రాష్ట్రములోనూ అమలుకు వచ్చింది. దాని ప్రకారము కొన్ని తెగలవారు పుట్టుకతోనే నేరస్థులు. బాపట్ల దగ్గర, సర్ హెరాల్డ్ స్టూవర్ట్ అనే ఉన్నతాధికారి పేరుతో స్టూవర్టుపురం అనే సెటిల్‌మెంటు ఏర్పడింది. అక్కడ ఎరుకల కుటుంబములను ఉంచారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. దానిని నడపడానికి ప్రభుత్వము అప్పగించినది ఎవరికో కాదు, సాల్వేషన్ ఆర్మీవారికి, అంటే మన క్రైస్తవులకే. వారు పిల్లలకు చదువు చెప్పారు, పని చూపించారు. ఆ మేలు కాదనలేము. కానీ సమస్త మానవులూ పాపులేనని ప్రకటించవలసిన సంఘము, ఒక్క తెగ మాత్రమే పుట్టు నేరస్థులన్న చట్టానికి కావలి కాసింది. 1952లో ఆ చట్టము రద్దయింది. ఆ ఊరి పేరు చెబితే ముఖము తిప్పుకొనేవారు ఆ తరువాత కూడా ఎంతోమంది ఉన్నారు.

మన సంఘాలలో ఈ మాట ఎక్కువ బాధిస్తుంది. ఎందుకంటే మన తాత ముత్తాతలలో చాలామంది, పుట్టుకతోనే మైలవారని పిలిపించుకొని, ఆ మాట నుండి విడుదల కొరకే ప్రభువు దగ్గరకు వచ్చారు. జన్మపాపము అనే పేరుతో ఆ మైలనే మళ్ళీ లోపలికి తెచ్చుకుంటామా? కీర్తన 51లో దావీదు తాను పాపములో పుట్టానని ఏడ్చింది తన గురించే. అది తల్లిని నిందించడము కాదు, పురుడు అపవిత్రమనడమూ కాదు. హెబ్రీ 13:4 వివాహమును ఘనమైనదిగానే ఎంచుతున్నది.

ఇక రెండవ ప్రశ్న. రెండవ సమూయేలు 12 తెరవడానికి ఆ రాత్రి నిజముగా భయపడ్డాను. అక్కడ దావీదు బిడ్డ చనిపోయింది తండ్రి పాపమును బట్టియే. ఆ తల్లి దానిని విని ఇంకా కృంగిపోతే? అయినా తెరిచి, ముందే చెప్పాను: "అమ్మా, అక్కడ నాతాను ప్రవక్త దేవుని మాట పట్టుకొని ఒక రాజు దగ్గరకు వెళ్ళాడు. నీ ఇంటికి ఏ ప్రవక్తా రాలేదు. వీధిలో మాట ప్రవక్త మాట కాదు." తరువాత ఆ తండ్రి బిడ్డ గురించి ఏమన్నాడో చదివాను. బిడ్డ నా దగ్గరకు తిరిగి రాడు, నేనే వాని దగ్గరకు వెళ్తానన్న భావము వచ్చే 23వ వచనము. ఆ తండ్రి ఆశకు ఏ నీళ్ళూ అడ్డు రాలేదు. ఆ మీదట మార్కు 10లో, శిష్యులు గద్దించినా ప్రభువు పసివారిని ఎత్తి కౌగిలించుకొని దీవించిన భాగము చదివాను. సాలూరులో బాప్తిస్మమిచ్చేటప్పుడూ ఇదే చదువుతారు, మేము ప్రతిష్ఠ చేసేటప్పుడూ ఇదే చదువుతాము. ఆ బిడ్డలను ఎత్తుకొనే ముందు ప్రభువు వారిని ఏ ప్రశ్నా అడగలేదు.

"అయితే మా గుంట ఆయన సేతుల్లో ఉన్నాదా?" అన్నది.

"ఉన్నదమ్మా" అన్నాను. అపరాధము సంక్రమిస్తుందనే పండితుడు ఎవరైనా ఆ గడపలో కూర్చొని ఉన్నా, అంతకంటె వేరే మాట చెప్పి ఉండడు.

ఆమె కొంగుతో ముఖము తుడుచుకొని, "ఇదే మాట మా ఈదిలో అందరిముందూ సెప్పండి అయ్యగోరూ" అన్నది. తరువాతి గురువారం గృహకూడిక ఆ వీధిలోనే పెట్టుకున్నాము. చాపలు సరిపోలేదు. తరముల పాపము మాట అన్న బంధువు తన ఇంటి నుండి ఒక చాప తెచ్చి, ఆ నాయనమ్మ పక్కన పరచి కూర్చున్నది.